పలక మీది అక్షరం చదవాలంటే: డార్క్‌రూమ్‌లో గ్రెయిన్ ఫోకసర్ వాడే విధం

 

సైన్సు ల్యాబు పక్కనున్న చిన్న గదిని డార్క్‌రూమ్‌గా మార్చి, మన బడి పాత నెగటివ్‌ల నుంచి పిల్లల చేత ఫోటోలు వేయిస్తున్న సంగతి మీకు తెలుసు. మొదటి విడతలో వేసిన గ్రూపు ఫోటోలు వరండా బోర్డు మీద పెట్టాం. చూసిన పెద్దలు సంతోషించారు. అయితే చాలామంది ఒకే మాట అన్నారు: "మొహాలు పోల్చుకోగలుగుతున్నాం సార్, పలక మీద రాసింది మాత్రం అలుక్కుపోయింది." వారన్నది నిజమే. ఆ పలక గురించే ఈ వ్యాసం.

ఆ రోజుల్లో గ్రూపు ఫోటో తీసేటప్పుడు ముందు వరుస మధ్యలో కూర్చున్న పిల్లవాడి చేతికి ఒక పలక ఇచ్చేవారు. తరగతి, సెక్షను, సంవత్సరం సుద్దతో తెలుగులో రాసి ఉండేది. మన పాత అడ్మిషన్ రిజిస్టర్లలో కొన్నింటిని చెదలు తినేశాయి. ఆ సంవత్సరాల్లో ఇక్కడ ఏయే తరగతులు తెలుగులో నడిచాయో, ఎన్ని సెక్షన్లు ఉండేవో చెప్పడానికి ఇప్పుడు మనకు మిగిలినవి ఈ పలకలే. తమిళనాడులో ఉంటున్న మనల్ని "ఇక్కడ తెలుగు మీడియం ఎప్పుడుండేదండీ?" అని అడిగేవాళ్ళు తరచుగా తగులుతుంటారు. వాళ్ళకు చూపించడానికి ఒక ఫోటో చాలు, కానీ అందులో అక్షరం కనబడాలి. కాబట్టి కాస్త మసకగా ఉంటేనేం అని సరిపెట్టుకునే వ్యవహారం కాదిది.

పిల్లలూ, ఒక చిన్న లెక్క చేయండి. గ్రూపులో ఒక వరుస పొడవు సుమారు 6 మీటర్లు అనుకుందాం. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక్కో బొమ్మ వెడల్పు 36 మిల్లీమీటర్లు. అంటే 6 మీటర్ల వరుస 36 మిల్లీమీటర్లలో ఇమిడిపోయింది. పలక మీద 4 సెంటీమీటర్ల ఎత్తున్న అక్షరం నెగటివ్‌లో మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు. 5 మిల్లీమీటర్ల వెడల్పున్న సుద్ద గీత 0.03 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. దాన్ని ఎన్‌లార్జర్‌తో 8 రెట్లు పెంచితే పేపరు మీద అక్షరం 2 మిల్లీమీటర్ల ఎత్తు, గీత పావు మిల్లీమీటరు మందం వస్తాయి. చదవడానికి అది చాలు. అదే పావు మిల్లీమీటరు మసక వచ్చిందంటే మాత్రం మన లిపి పని అయిపోయినట్టే. ద కింద ఉండే చిన్న ఒత్తు మాయమై ధ కాస్తా ద అవుతుంది. ప తల మూసుకుపోయి వ అవుతుంది. 6 వెళ్ళి 8 అవుతుంది. మొహానికి ఇంత కచ్చితం అక్కర్లేదు. మసకగా ఉన్నా మేనమామను మేనమామగా గుర్తుపడతాం. అక్షరం అలా కాదు.

ఎన్‌లార్జర్ అంటే ఏమిటో పదో తరగతి పిల్లలకు కొత్తగా చెప్పక్కర్లేదు. పైన బల్బు, దాని కింద నెగటివ్, నెగటివ్ కింద కుంభాకార కటకం, అడుగున బల్ల మీద పేపరు. కటకం నెగటివ్‌కు పెద్దదైన నిజ ప్రతిబింబాన్ని పేపరు మీద ఏర్పరుస్తుంది. మన కటకం నాభ్యంతరం 50 మిల్లీమీటర్లు. 8 రెట్లు పెద్ద బొమ్మ కావాలంటే నెగటివ్ నుంచి కటకానికి దూరం 56.25 మిల్లీమీటర్లు, కటకం నుంచి పేపరుకు 450 మిల్లీమీటర్లు ఉండాలి. కటక సూత్రంలో వేసి చూడండి, సరిపోతుంది. నెగటివ్ చేతికిచ్చినప్పుడు మెరిసే వైపు బల్బుకు, మెరుపు తగ్గిన వైపు కటకానికి ఉండేలా పెట్టాలి. తిరగేస్తే పలక మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు వస్తాయి.

ఇక ఫోకస్ మరను తిప్పి బొమ్మను స్పష్టం చేయడం. ఇక్కడే పేచీ. చీకటి గదిలో, బల్ల మీద పడే మసక వెలుతురులో, నిలబడి వంగి చూస్తూ మర తిప్పుతుంటే ఒక హద్దు నుంచి ఇంకో హద్దు దాకా బొమ్మ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ మధ్యలో సరైన చోటు ఏదో కన్ను చెప్పలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. చూస్తున్న అంచు మెత్తగా ఉంటే, మనం ఫోకస్ తప్పామా, లేక ఫోటో తీసిన రోజునే ఆ పిల్లవాడు కదిలాడా? బొమ్మను చూసి ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోలేం.

అందుకే బొమ్మను వదిలేసి రేణువును చూడాలి. నలుపు తెలుపు నెగటివ్‌లో బొమ్మ అంతా సన్నని వెండి రేణువుల గుంపులే. వెలుగు తగిలి, డెవలపర్‌లో మునిగిన చోట వెండి నల్లగా నిలబడుతుంది. తగినంత పెద్దది చేసి చూస్తే తెల్ల పళ్ళెంలో మిరియాల పొడి చల్లినట్టు కనబడుతుంది. ఫోటోగ్రాఫరు చేయి వణికినా, పిల్లవాడు తల తిప్పినా ఈ రేణువులు మాత్రం కదలవు. అవి ఫిల్ములోనే పుట్టినవి. రేణువు పేపరు మీద పదునుగా పడిందంటే, నెగటివ్‌లో ఉన్నదంతా పేపరు మీదికి దిగినట్టే. ఆ తర్వాత కూడా మసక ఉంటే అది నెగటివ్‌ది, మనది కాదు.

ఆ రేణువును చూపించే పరికరమే గ్రెయిన్ ఫోకసర్. మనకు ఎన్‌లార్జర్‌తో పాటు దీన్ని కూడా ఇచ్చినవారు మన పూర్వ విద్యార్థి, బజారు వీధిలో చాలా ఏళ్ళు స్టూడియో నడిపినవారు. ఇంగ్లండు పేటర్సన్, జపాను పీక్ కంపెనీలవి డార్క్‌రూమ్ వాళ్ళకు బాగా తెలిసిన రకాలు. చూడటానికి చిన్న సూక్ష్మదర్శినిలా ఉంటుంది. అడుగున ఏటవాలుగా ఒక అద్దం, పైన వాలుగా ఒక కంటి గొట్టం. కటకం నుంచి దిగే కాంతి పేపరును చేరేలోపే అద్దం మీద పడి పరావర్తనం చెంది గొట్టంలోకి మళ్ళుతుంది. అద్దం నుంచి పేపరుకు ఎంత దూరమో, అద్దం నుంచి గొట్టంలో ప్రతిబింబం ఏర్పడే చోటుకూ అంతే దూరం ఉండేలా తయారు చేస్తారు. కాబట్టి గొట్టంలో ఏది పదునుగా ఉందో, పేపరు మీదా అదే పదునుగా ఉంటుంది. ఎన్‌లార్జర్ 8 రెట్లు, కంటి దగ్గరి భూతద్దం 10 రెట్లు, వెరసి రేణువు 80 రెట్లు పెద్దదై కనిపిస్తుంది.

వాడే ముందు అందరూ మరిచిపోయే పని ఒకటుంది. గొట్టంలో ఒక సన్నని గీత గీసి ఉంటుంది. ఫోకసర్‌ను వెలుతురు వైపు పెట్టి, కంటి దగ్గరి భాగాన్ని తిప్పుతూ ముందుగా ఆ గీత మీ కంటికి వెంట్రుకలా స్పష్టంగా కనబడేలా సరిచేసుకోవాలి. గీత ఉన్న చోటే ప్రతిబింబం ఏర్పడాల్సిన చోటు. ఈ పని ఎవరికి వారు చేసుకోవాలి. ఒకరు సరిచేసింది ఇంకొకరికి పనికిరాదు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు పెట్టుకునైనా చూడండి, తీసైనా చూడండి, మధ్యలో మార్చకండి. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. మీ కంటికి సర్దుబాటు శక్తి ఎక్కువ. బొమ్మ కాస్త ముందున్నా వెనకున్నా మీ కన్ను దానంతటదే సర్దుకుని స్పష్టంగా ఉందని చెప్పేస్తుంది. మాలాంటి యాభై దాటిన వాళ్ళ కళ్ళకు ఆ బెంగ లేదు, అవి సర్దుకోవడం మానేసి చాలా కాలమైంది! గీత, రేణువు రెండూ ఒకేసారి పదునుగా కనిపిస్తేనే ఫోకస్ కుదిరినట్టు.

ఇప్పుడు ఈజెల్‌లో ఒక పాడైపోయిన పేపరు ముక్క పెట్టి, దాని మీద ఫోకసర్‌ను బొమ్మ మధ్యలో నిలపండి. కటకం రంధ్రాన్ని పూర్తిగా తెరవండి. మన దానికి అది ఎఫ్ 4. తెరిస్తే రెండు లాభాలు. వెలుతురు ఎక్కువగా వస్తుంది, పైగా ఫోకస్ కాస్త తప్పినా వెంటనే తెలుస్తుంది. మరను మెల్లగా తిప్పండి. రేణువులు మంచులోంచి బయటికి వచ్చినట్టు వస్తాయి, పదునెక్కుతాయి, మళ్ళీ కరిగిపోతాయి. ఒకసారి దాటి పోయి వెనక్కి రండి, అటువైపూ దాటి మళ్ళీ రండి. ఆ రెండింటి నడుమ పదును ఎక్కువగా ఉన్నచోట ఆపి బిగించండి. దాటకుండా మొదటిసారే బాగుందని ఆపినవాడికి అంతకంటే బాగుండే చోటు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

రేణువు కోసం ఎక్కడ వెతకాలో కూడా చెప్పాలి. పలకను చదవాలి కదా అని తొమ్మిదో తరగతి పిల్లలు నేరుగా పలక మీద పెట్టి చూసి, ఏమీ కనబడటం లేదన్నారు. కనబడదు. పలక నల్లనిది, కాబట్టి నెగటివ్‌లో ఆ భాగం దాదాపు ఖాళీ. వెండి లేని చోట రేణువు ఎక్కడిది? నల్లని జుట్టు దగ్గరా ఇంతే. బూడిద రంగులో సమంగా పరుచుకున్న భాగం చూసుకోవాలి. వెనక సున్నం పాతబడిన గోడ, నేల, ఖాకీ నిక్కర్లు చక్కగా పనికొస్తాయి. స్టూడియోలు వాడిన పెద్ద 120 ఫిల్ములను అంత పెంచనక్కర్లేదు గనుక రేణువు ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది, ఓపిక పట్టాలి. కలర్ నెగటివ్‌లలో చివరికి వెండి ఉండదు, రంగు మచ్చలే మిగులుతాయి, వాటిలో అంచులు మెత్తగా ఉంటాయి.

ఫోకసర్ కింద పేపరు ముక్క పెట్టాలా వద్దా అని డార్క్‌రూమ్ వాళ్ళలో వాదనలు జరుగుతుంటాయి. నా ఉద్దేశంలో ఇది వాదించుకోవాల్సినంత విషయం కాదు. లెక్క చూడండి. ఆవర్ధనం 8 అయితే, నెగటివ్ పైకో కిందికో కదిలిన దూరానికి అడుగున ప్రతిబింబం 8 ఇంటు 8, అంటే 64 రెట్లు కదులుతుంది. పేపరు మందం పావు మిల్లీమీటరు. దాన్ని 64తో భాగిస్తే నెగటివ్ దగ్గర 0.004 మిల్లీమీటర్లు. పట్టించుకోనక్కర్లేదు. పెట్టడం వల్ల నష్టం లేదు, ఖర్చూ లేదు గనుక పెట్టమంటున్నాను.

ఇదే లెక్కను తిరగేస్తే మాత్రం భయపడాలి. నెగటివ్ ఒక్క 0.1 మిల్లీమీటరు ఉబ్బిందంటే కింద బొమ్మ 6.4 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. నెగటివ్ ఉబ్బుతుందా అంటే, తప్పకుండా ఉబ్బుతుంది. మన ఎన్‌లార్జర్‌లో ఉన్నది 75 వాట్ల బల్బు. దాని వేడికి ఫిల్ము మధ్యలో అప్పడంలా లేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఫోకస్ చేసి, అది వేడెక్కి లేచాక ఫోటో వేస్తే ఫోకసర్ వాడీ ఉపయోగం లేదు. మన మొదటి విడత ప్రింట్లలో అంచున నిలుచున్నవాళ్ళు స్పష్టంగా, మధ్యలో పలక మసకగా రావడానికి కారణం ఇదే. పలక పట్టుకున్న పిల్లవాడు ఎప్పుడూ మధ్యలోనే కదా కూర్చుంటాడు.

దీనికి విరుగుడు రెండు విధాలు. నెగటివ్ పెట్టాక బల్బును ఒక నిమిషం వెలగనిచ్చి, ఫిల్ము ఉబ్బాల్సినంత ఉబ్బాక ఫోకస్ చేయడం, తర్వాత బల్బు ఆర్పి, ఆలస్యం లేకుండా పేపరు పెట్టి ఫోటో వేయడం మొదటిది. నెగటివ్‌ను రెండు గాజు పలకల మధ్య బిగించడం రెండోది. గాజు పెడితే ఫిల్ము కదలదు గానీ, దుమ్ము పట్టే ముఖాలు నాలుగు పెరుగుతాయి, ఒక్కోసారి ఫిల్ము గాజుకు అంటుకున్న చోట న్యూటన్ వలయాలు కూడా ఫోటోలోకి వస్తాయి. మామూలు ఫోటోలకు మొదటి పద్ధతి, పలక చదవాల్సిన వాటికి రెండోది అని నిర్ణయించుకున్నాం.

ఫోకస్ కుదిరాక రంధ్రాన్ని రెండు మెట్లు మూయాలి, ఎఫ్ 4 నుంచి ఎఫ్ 8కి. వెలుతురు నాలుగో వంతుకు తగ్గుతుంది, ఆ మేరకు సమయం పెంచుకోవాలి. ఇలా మూస్తే కటకం పనితనం మెరుగుపడుతుంది, చిన్నచిన్న ఉబ్బులను కూడా అది కప్పిపుచ్చుతుంది. కొన్ని కటకాలకు రంధ్రం మూస్తే ఫోకస్ కొద్దిగా జరిగే అలవాటుంది. కాబట్టి ఎఫ్ 8 దగ్గర ఫోకసర్‌లో ఇంకొకసారి చూడండి. రెండు మెట్లకే ఇంత మేలు జరిగితే ఎఫ్ 22 దాకా పోతే ఇంకెంత బాగుంటుందో అని ఒక అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. మరీ చిన్న రంధ్రంలోంచి వెళ్ళే కాంతి అంచుల దగ్గర వంగి వ్యాపిస్తుంది. దీన్నే వివర్తనం అంటారు. అప్పుడు రేణువులన్నీ సమంగా మెత్తబడతాయి. నడిమి మార్గం మేలు.

మధ్యలో చూసినంత మాత్రాన మూలలు బాగుంటాయని లేదు. చిన్న అద్దమున్న ఫోకసర్లు మూలల్లో పనిచేయవు, ఏటవాలుగా వచ్చే కాంతి గొట్టంలోకి ఎక్కదు. మన దానితో మధ్య నుంచి సగం దూరం దాకా చూడగలం. కుడివైపు రేణువు పదునుగా, ఎడమవైపు మెత్తగా ఉంటే నెగటివ్, కటకం, బల్ల ఈ మూడూ ఒకదానికొకటి సమాంతరంగా లేవన్నమాట. మేస్త్రీ వాడే రసమట్టంతో సరిచేసుకోవచ్చు. మేమూ అలాగే చేశాం.

ప్రింటు ఆరాక దాన్ని కూడా భూతద్దంతో చూడాలి. నా లెక్కలో పిల్లలకు అసలు చదువు ఇక్కడుంది. రేణువు అంతటా మెత్తగా ఉంటే ఫోకస్ తప్పింది, లేదా కటకానికి బూజు పట్టింది. మన వానాకాలపు తేమలో బూజు మామూలే. రేణువు ఒకే దిశలో సాగినట్టు, జంటగా కనబడితే ఎన్‌లార్జర్ కదిలింది. ఫోటో వేసేటప్పుడు ఫ్యాను ఆపమని, బల్లను ఆనుకోవద్దని, పక్క గదిలో బెంచీలు లాగొద్దని చెప్పేది అందుకే. రేణువు పదునుగా ఉండి బొమ్మ మసకగా ఉంటే, అది ఫోటో తీసిన నాటి సంగతి. దాన్ని ఎవరూ బాగు చేయలేరు.

ఈ పద్ధతిలో మళ్ళీ వేసిన ప్రింట్లు ఇప్పుడు వరండా బోర్డు మీద ఉన్నాయి. మనం 8వ తరగతి అనుకుని పేరు రాసిన గ్రూపు 6వ తరగతిదని తేలింది. అంటే ఆ ఏడు 6లో రెండు తెలుగు సెక్షన్లు ఉన్నాయి. రిజిస్టరు పోయిన సంవత్సరం అది. ఇంకో ఫోటోలో రేణువు చక్కగా వచ్చింది గానీ పలక పట్టుకున్నవాడు చేయి కదిపాడు. అంకె ఆనవాలు కూడా లేదు. పెన్సిలుతో దిద్ది చదివేలా చేద్దామని కొందరు సూచించారు. వద్దన్నాను. దాని కింద "పలక చదవడం వీలు కాలేదు" అనే చీటీ అంటించాం. ఊహించి రాసిన అంకె ఒక్కటి బయటపడితే, నిజంగా చదివిన వాటినీ ఎవరూ నమ్మరు.

ఫోనుతో స్కాన్ చేస్తే సరిపోదా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. స్కానింగు కూడా చేయిస్తున్నాం. కానీ ఫోనుకైనా ఫోకస్ కావాలి, అక్కడా రేణువు కనబడుతోందా అని చూడాల్సిందే. పైగా కటకాల పాఠం బల్ల మీద జరుగుతుంటే పరీక్షలో లెక్క తప్పదు.

ఫోకసర్ విషయంలో పిల్లలకు ఒక హెచ్చరిక. అందులోని అద్దానికి పూత పైముఖం మీదే ఉంటుంది, మనం ఇంట్లో వాడే అద్దంలా వెనక కాదు. చొక్కా అంచుతో తుడిస్తే గీతలు పడతాయి. గాలి బుడ్డితో దుమ్ము ఊదాలి, అంతకు మించి ముట్టుకోకూడదు.

మీ ఇళ్ళలో మన బడి గ్రూపు ఫోటోల నెగటివ్‌లు ఉంటే దయచేసి పంపండి. ఊటీలో 1960లో స్థాపించిన హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' ఫిల్ములు, పేపర్లు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఆ పాత డబ్బాల్లో, పెళ్ళి ఆల్బమ్‌ల వెనక అరల్లో ఒకసారి వెతకండి. దొరికితే నెగటివ్‌ను అంచులతో పట్టుకోండి, నీళ్ళతో గానీ సబ్బుతో గానీ కడగకండి, టేపు అంటించకండి. ఒక్కొక్కటి విడిగా శుభ్రమైన కాగితం కవరులో పెట్టి, కవరు మీద ముందే పెన్సిలుతో మీ పేరు, పిల్లల తరగతి రాసి పంపండి. ప్రింటు వేశాక నెగటివ్‌తో పాటు ఒక కాపీ మీకు తిరిగి ఇస్తాం.

డార్క్‌రూమ్ శనివారాల్లో మధ్యాహ్న భోజనం తర్వాత ఉంటుంది. గది చిన్నది గనుక ఒక్కసారికి నలుగురే. తొమ్మిది, పది తరగతుల వాళ్ళు సైన్సు మాస్టారి దగ్గర పేర్లు ఇవ్వండి. బోర్డు మీద ఫోటోల్లో ఎవరినైనా గుర్తుపట్టిన పెద్దలు పక్కన వేలాడదీసిన నోటుబుక్కులో ఫోటో నంబరు, వరుస, ఎడమ నుంచి ఎన్నోవారు, పేరు రాయగలరు. అనుమానంగా ఉంటే పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.